ఒడిబియ్యం కింద నోట్ల కట్ట

మా ఆయన పేరు ప్రసన్నకుమార్. పొద్దున పూట దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా మార్చుకుని, మా పడగ్గదిలో బీరువా పక్కన నిలబడి, కొత్తగా వచ్చిన వెబ్ సిరీస్‌ల మీద తీర్పులు చెబుతాడు. యూట్యూబ్‌లో ఆయన ఛానెల్ పేరు ‘ప్రసన్న చూసేశాడు’. ఫోన్ పట్టుకునేది నేను, లైటు సర్దేది నేను, శబ్దం రాకుండా ఫ్యాను ఆపి చెమటలు కక్కేది ఇద్దరమూ. ఇంట్లో నాలుగు ప్రశ్నలడిగితే ఒకదానికి ‘ఊఁ’ అనే మనిషి ఆ ఫోన్ ముందు మాత్రం గుక్క తిప్పుకోడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నాతో అన్ని మాటలు మాట్లాడి ఉంటే మా కాపురం ఇంకోలా ఉండేది.

సరే, నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు. మా ఇంటి ఓనరు రాజమ్మగారి గురించి. కాకపోతే ఈయన నోరు జారకపోతే ఆవిడ కథ నాకు తెలిసేదే కాదు. తెలియకపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

గడ్డిఅన్నారంలో పాత పండ్ల మార్కెట్ వెనకాల సందులో ఉంది ఆవిడ ఇల్లు. కింద ఆవిడా, భర్త కోదండంగారూ. పై అంతస్తులో మేము. మార్కెట్ అక్కడున్నన్నాళ్లూ ఎండాకాలం వస్తే సందంతా మామిడిపళ్ల వాసనేనట. మేం వచ్చేసరికి మార్కెట్టూ పోయింది, వాసనా పోయింది, అద్దె మాత్రం అలాగే ఉంది. ఇల్లు చూడటానికి వచ్చిన రోజు ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి మొదట అడిగిన మాట ఇది:

"మీది ఆంధ్రనా? చింతపండు పిప్పి సింకుల పొయ్యకు బిడ్డా. ఇంతకుముందున్న గుంటూరోళ్లు పోసి పోసి పైపు జాం జేసిండ్రు."

"మాది తెనాలండీ" అన్నాను, అదేదో పెద్ద తేడా అయినట్టు.

"అయితే ఇంకింత ఎక్కువ తింటరు" అని తాళంచెవి నా చేతిలో పెట్టారు.

ఆవిడ మాట అంతే. నీళ్ల ట్యాంకరువాడితో పొద్దున్నే యుద్ధం, కూరగాయల బండివాడితో పది గంటలకు యుద్ధం, మధ్యాహ్నం కోదండంగారితో చిన్నపాటి రాజీ. సర్వపిండి చేసిన రోజు మాత్రం సగం ముక్క పైకి పంపించేవారు. నేను పులిహోర పంపిస్తే తిని, "అన్నంల చింతపండు కలిపినవా, చింతపండుల అన్నం కలిపినవా?" అని మెట్ల కిందనుంచి అరిచేవారు. నాకు ఆవిడంటే ఇష్టం. మా అమ్మ తర్వాత నన్ను అంత ధైర్యంగా తిట్టినవాళ్లు వేరే లేరు.

పోచంపల్లి పక్క పల్లె వాళ్లది. పద్మశాలీలు. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలిద్దరూ మగ్గం మీదే బతికారు. మగ్గం కూడు పెట్టడం మానేశాక దాన్ని అమ్మేసి ఈ సందులోకి వచ్చారు. కోదండంగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్‌గా చేరి, పరుపు మీద కూర్చుని వేల చీరలు విప్పీ మడతపెట్టీ మోకాళ్లు పోగొట్టుకున్నారు. రాజమ్మగారు అదే షాపువాళ్ల చీరలు ఇంటికి తెచ్చుకుని ఫాల్స్ కుట్టడం, కొంగులకు కుచ్చులు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే పని. ఎప్పుడో నేసిన చేతులు కదా, ఊరికే ఉండలేవు.

ఆ పనిలో ఆవిడకు జంట ఎదురింటి యాదలక్ష్మిగారు. రాజమ్మగారి వరండాలో ఒక చివర ఆవిడ, ఒక చివర ఈవిడ, మధ్యలో చీరల గుట్ట. పలకరింపులు తక్కువ, దెప్పుళ్లు ఎక్కువ. "నీ కుచ్చులు ఎలుక కొరికినట్టున్నయి" అని ఒకరు, "నీ కండ్లకు అద్దాలు మార్చు రాజక్కా" అని ఇంకొకరు. యాదలక్ష్మిగారి భర్త మట్టయ్యగారు పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్కతే కూతురు, సుచిత్ర. నలభైకి దగ్గర పడుతున్నా ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే ఉద్యోగం ఆమెది. కాళ్ల మీద నరాలు ఉబ్బి నీలంగా కనిపిస్తాయి. ఎప్పుడైనా పైకి వస్తే కుర్చీ వేసినా కూర్చోదు, అలవాటు తప్పిపోయిందంటుంది.

ఈ ఏడాది ‘ధనవాహిని’ అనే సిరీస్ వచ్చింది. ఎనిమిది ఎపిసోడ్లు. కథ కల్పితం అని మొదట్లో ఒక చీటీ వేశారు గానీ, ఏ కథో ఇక్కడ అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిరివాహిని ఫైనాన్స్ అని ఒక కంపెనీ ఉండేదట. నేతపని వాళ్లు, షాపుల్లో పనిచేసేవాళ్లు, పండ్ల గంపలు మోసేవాళ్లు నెలనెలా దాచుకున్నది అందులో వేశారు. ఒక రోజు షట్టర్ దించి ఉంది. మళ్లీ లేవలేదు. మేమప్పుడు తెనాలిలో ఉన్నాం, మాకు పేపర్లో చదివిన గుర్తు కూడా లేదు.

సిరీస్‌లో ఆ కంపెనీ యజమాని కారు దిగితే చాలు, కోటు అంచు గాల్లో లేచి వెనకాల మద్దెల మోగుతుంది. దొంగని చూపించమంటే పెళ్లికొడుకుని చూపించారు. మా ఆయనకది నచ్చలేదు, ఆ మాట గట్టిగానే అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. మూడో ఎపిసోడ్ దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఊపొచ్చింది.

ఆ ఎపిసోడ్‌లో ఒక సీను. కంపెనీ ఏజెంటు ఒకడు ఒక వీధిలోని పెద్దావిడ ఇంటికి వెళ్లి, ‘అక్కా’ అని పిలిచి, ఆవిడ చీర కొంగులో పసుపు బియ్యం పోస్తాడు. కెమెరా మెల్లగా కిందికి దిగుతుంది. బియ్యం కింద నోట్ల కట్ట. తర్వాతి సీన్లో కంపెనీ మూతపడుతుంది, వీధి ఆడవాళ్లంతా పోలీస్ స్టేషన్‌కి బయల్దేరతారు, ఆ పెద్దావిడ అడ్డంగా నిలబడి వాళ్లని వెనక్కి పంపేస్తుంది.

మా ఆయన ఫోన్లోకి చూసి నవ్వాడు. "లంచానికి ఇంత పసుపు కుంకుమల ప్యాకింగ్ నేనెక్కడా చూడలేదండీ. అది ఒడిబియ్యం కాదు, ఒడి డిపాజిట్. మొత్తం సిరీస్‌లో నిజంగా ఉన్న పాత్ర ఈ అక్కయ్య ఒక్కతే. ఇలాంటి అక్కయ్య ప్రతి వీధికీ ఒకరుంటారు. మీ వీధిలో ఎవరో కింద కామెంట్లో రాయండి" అన్నాడు.

ఒడిబియ్యం అంటే ఏమిటో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. మా వైపు ఆ పద్ధతి లేదు. తెలియనిదాని మీద నవ్వకూడదని మా ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. ఆయన అన్న ఆ ఒక్క ముక్కని ఎవరెవరో కత్తిరించి రీల్స్ చేసుకున్నారు. రెండేళ్లుగా పోగుచేసుకున్న జనం అంతా ఒకెత్తు, ఆ వారం వచ్చిన జనం ఒకెత్తు. ఈయన కోచింగ్ సెంటర్‌కి కాస్త ముందే బయల్దేరడం మొదలుపెట్టాడు, దారిలో ఎవరైనా గుర్తుపడతారని.

కామెంట్లు చదివే పని నాది. ఉల్లిపాయలు తరుగుతూ చదువుతున్నాను. ఒకరు రాశారు: ‘మా సందుల ఉంది. గడ్డిఅన్నారం పాత మార్కెట్ వెనక. కంపెనీ మునిగినంక ఆమె ఇంటి మీద పై అంతస్తు ఎట్ల లేచిందో అడుగుర్రి.’ దాని కింద పదిమంది ‘అవు, మాకూ తెలుసు’ అన్నారు. నేను కత్తి పక్కన పెట్టాను. పై అంతస్తంటే నేను నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నదే.

కిందికి చూస్తే వరండాలో రాజమ్మగారు ఒక్కరే ఉన్నారు. రెండో చివర ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీయే. యాదలక్ష్మిగారు తన వాటా చీరల్ని ఇంట్లోనే కుట్టుకుంటున్నారు, తలుపు వేసుకుని. ట్యాంకరు వచ్చింది, రాజమ్మగారు వాడితో యుద్ధం చెయ్యలేదు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

మూడోనాడు మెట్ల కిందనుంచి పిలుపు. "ఉదయమ్మా, జర కిందికి రా."

వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆవిడ కుట్టుపని ఆపలేదు. "మీ సారు నా గురించి ఏందో చెప్పిండట గదా" అన్నారు.

"మీ గురించి కాదు పిన్నిగారూ, సిరీస్‌లో ఒక పాత్ర గురించి. ఆయనకేమీ తెలియదు."

"తెల్వకనే చెప్పిండు. తెలిసుంటే చెప్పకపోతుండె, మంచోడే. గది నాకెర్క." కొంచెంసేపు కుట్టారు. "గా అక్కను నేనే. గంత సోకుగ లేకుంటి, గంతే."

అప్పుడు చెప్పారు. రాజమ్మగారికి తోడబుట్టినవాళ్లు లేరు. అమ్మానాన్నలకు ఆవిడ ఒక్కతే కూతురు. తల్లీదండ్రీ పోయాక పుట్టింటి తలుపు మూతపడింది. వాళ్లలో పెళ్లయిన ఆడపిల్లకి మూడేళ్లకో ఐదేళ్లకో పుట్టింటివాళ్లు పిలిచి, చీర పెట్టి, కొంగులో పసుపు కలిపిన బియ్యం, కుడుకలనే ఎండుకొబ్బరి చిప్పలు, ఖర్జూరాలు, పోకచెక్కలు పోసి పంపిస్తారు. అదే ఒడిబియ్యం. పుట్టింట్లో నీకు ఇంకా మనుషులున్నారు అని దాని అర్థం. ఆ బియ్యం తెచ్చి అత్తింట్లో వండి, చుట్టుపక్కల వాళ్లని పిలిచి అన్నం పెట్టాలి. సందులో అందరి ఇళ్లలో ఆ విందు జరిగేది, రాజమ్మగారు అందరి ఇళ్లకీ వెళ్లి తినొచ్చేవారు. ఆవిడ ఇంట్లో మాత్రం జరగలేదు. ఏళ్లు గడిచాయి.

"ఎవ్వరు ఏమన్లే. గని అన్నం పెట్టుకుంట ఒక చూపు చూస్తరు సూడు బిడ్డా, పాపం దీనికెవ్వరు లేరని. గా చూపుకు నాకు బువ్వ దిగకపోతుండె."

అలాంటప్పుడు వచ్చాడు చక్రపాణి. సిరివాహిని ఏజెంటు. ఆవిడ పుట్టింటి పల్లెవాడే, కులంవాడే, వరసకి తమ్ముడు. సందులో డిపాజిట్లు వసూలు చేసుకోవడానికి వచ్చి, మంచినీళ్లు తాగి, మాటల్లో ఈ సంగతి విన్నాడు. తర్వాతి నెల భార్యను వెంటబెట్టుకుని, స్టీలు డబ్బాలో పసుపు బియ్యం, పోచంపల్లి చీర తీసుకుని వచ్చి, "అక్కా, ఒడి పట్టు" అన్నాడు. కోదండంగారు షాపుకి సెలవు పెట్టారు. సందంతా వచ్చి తిన్నారు. రాజమ్మగారు ఆ రోజు ఎంత ఏడ్చారంటే యాదలక్ష్మిగారే వంట పూర్తి చెయ్యాల్సొచ్చింది.

కంపెనీ మూతపడ్డాక అందరికంటే ముందు చక్రపాణే వచ్చాడు. మధ్యాహ్నం పూట, వాడిపోయిన మొహంతో. ‘అక్కా, కేసులు పెడితే పైవాళ్లు దొరకరు, నేనే దొరుకుతా. జర ఆగండి, నేను పైసలు తెస్త’ అన్నాడు. వాడు వెళ్లేసరికి సందులో ఆడవాళ్లంతా స్టేషన్‌కి వెళ్లడానికి చీరలు మార్చుకుని వరండా ముందు నిలబడి ఉన్నారు. రాజమ్మగారు ముందు నడిస్తే నడుద్దామని. వాళ్లకు ఆవిడ మాటంటే మాటే.

"ఒడి నింపినోని మీద కేసు పెడ్తనా? గట్ల మా ఇంటా వంటా లేదు. నా తమ్ముడు మాటిచ్చిండు, తెస్తడు, పోయి అన్నాలు వండుకోండ్రి అన్న. పోయిండ్రు."

చక్రపాణి తేలేదు. భివండిలో ఏదో మగ్గం మీద కనిపించాడని ఒకరన్నారు, పోయాడని ఒకరన్నారు. వేరే సందులవాళ్లు ఫిర్యాదులిచ్చారు. ఏళ్ల తర్వాత కంపెనీ ఆస్తులు అమ్మితే వాళ్లకు ఎంతో కొంత వచ్చింది. ఈ సందులో ఎవరి పేరూ ఫిర్యాదులో లేదు, ఎవరికీ ఏమీ రాలేదు. రాజమ్మగారి సొమ్ము కూడా అందులోనే పోయింది. యాదలక్ష్మిగారు వేసుకున్నది సుచిత్ర నర్సింగ్ చదువు కోసం. కాలేజీలో సీటు కూడా వచ్చింది. గడువులోగా కట్టలేక వదులుకున్నారు. ఆ నెలలోనే సుచిత్ర బట్టల షాపులో నిలబడింది.

"పై అంతస్తు మా కొడుకు నరేష్ లోను తెచ్చి కట్టిండు. ఇంకా కడుతనే ఉన్నడు. గది ఎవ్వరికి చెప్పుకుంట తిరగాలె బిడ్డా? సందంత ఏమనుకున్న నాకు ఫికర్ లేదు. గని యాది గూడ నేను పైసలు తిన్న అనుకుంటుందంటే నాకు పానం ఉంటలేదు. ఇన్నేండ్లు ఒక్క మాట అన్లేదామె. నా బిడ్డ బతుకు పాడు జేసినవు అన్లే. వచ్చి గాడ కూసున్నది, కుచ్చులు కట్టింది. గిప్పుడు వస్తలేదు."

ఆ ఖాళీ చివర వైపు చూసి ఆవిడ మొదటిసారి సూది పక్కన పెట్టారు.

నేను పైకొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. చెప్పడమంటే మామూలుగా కాదు, ఆయన కోచింగ్ చొక్కా కూడా విప్పకముందే నాలుగు వాయించాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా నాయనమ్మ ఊరికే అనలేదన్నాను. ఆయన మంచం అంచు మీద కూర్చుండిపోయాడు. పాపం మనిషికి దురుద్దేశం లేదు, ఉంటే తిట్టడానికి నాకింకా సుఖంగా ఉండేది. అప్పటికప్పుడు తన వీడియో తీసేశాడు. ఏం లాభం? కత్తిరించుకున్న ముక్కలు ఊరంతా తిరుగుతున్నాయి. ‘ఒడి డిపాజిట్’ అని ఎవడో బనియన్ మీద కూడా అచ్చు వేయించుకున్నాడు.

ఆదివారం రాజమ్మగారు, కోదండంగారు పైకి వచ్చారు. "గా సీరియల్ పెట్టు, చూద్దాం" అన్నారు ఆవిడ. వద్దని మా ఆయన నసిగాడు. "అందరు చూసిండ్రు, నేను చూస్తె తప్పా?" అన్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎనిమిది ఎపిసోడ్లూ చూశారు. మధ్యలో అన్నం కూడా అక్కడే తిన్నారు. కోదండంగారు కుర్చీలోంచి కదల్లేదు. నోట్ల కట్ట సీను వచ్చినప్పుడు మాత్రం లేచి, మోటరు వెయ్యాలంటూ కిందికి వెళ్లిపోయారు. ట్యాంకు పొద్దున్నే నిండింది.

అయిపోయాక రాజమ్మగారు కొంగు సర్దుకుని మా ఆయన వైపు తిరిగారు. "సారూ, మీరు నిలబడి చెప్తరు గదా, గట్ల నేను చెప్తా. ఫోన్ పట్టుండ్రి. యాదికి ఎర్కగావాలె."

బీరువా పక్కన నిలబెట్టాం. ఫ్యాను ఆపాను. ఈసారి ఫోన్ పట్టుకున్నది మా ఆయన. ఫోన్ ఎటు చూడాలో చెప్పాక ఆవిడ మొదలుపెట్టారు.

"నా పేరు రాజమ్మ. నేను చదువుకోలే. ఈ సీరియల్ల దొంగోడు మంచిగున్నడు, ఇల్లు మంచిగున్నది, కారు మంచిగున్నది. మా లెక్కటోళ్లే మంచిగ లేరు. మేము కనవడంగనే ఏడ్సుడు పాట పెడ్తున్నరు. కంపెనీ మూసిన్నాడు అందరు రోడ్డు మీద పడి ఒర్రినట్టు చూపించిండ్రు. ఎవ్వరు ఒర్రలే. ఇంటికొచ్చి అన్నం వండినం. పిల్లలకు పెట్టాలె గదా. మూడు నాలుగు రోజులైనంక కూర మాడినప్పుడో, పాలు పొంగినప్పుడో ఒక్కొక్కళ్లు ఏడ్సిండ్రు. గది చూపియ్యలే."

మా ఆయన నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ ఆ బీరువా పక్కన ఆయన చెప్పిన తీర్పులన్నీ కలిపినా ఇంత ఉండవని ఆయనకూ తెలిసింది, నాకూ తెలిసింది.

"ఇంగ బియ్యం సంగతి" అన్నారు ఆవిడ. కొంగు చేతిలోకి తీసుకున్నారు. "నా ఒళ్లె బియ్యం పోసిండు, కుడుకలు పోసిండు. నోట్లు పొయ్యలే. ఒక్క రూపాయి ముట్టలే నేను. దేవుని తోడు. ముట్టకుండనే అందర్ని ఆపిన. పైసలు తీస్కొని ఆపితె గది మోసం. నేనట్ల గాదు. ఒక మనిషి నన్ను అక్కా అన్నడు. గంతే. గా ఒక్క మాటకు సందు సందంత ముంచిన. దానికి ఏం పేరు పెడ్తరో నాకెర్కలే. యాదీ, నువ్వు ఇంటున్నవు గదా. నీ బిడ్డ కాళ్లు సూసినప్పుడల్లా నాకు..."

అక్కడ ఆగిపోయారు. మా ఆయన కూడా ఫోన్ ఆపేశాడు. "పిన్నిగారూ, ఇది రేపే పెడతానండీ. నా మాట తప్పని ముందు నేను చెప్పి, తర్వాత ఇది పెడతాను. చూసినవాళ్లకి బుద్ధొస్తుంది" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

"లోకానికి తర్వాత పెట్టుండ్రి. ముందుగాల యాది చూడాలె. ఉదయమ్మా, నువ్వు తీస్కపోయి చూపెట్టు. నేను పోతె తలుపు తియ్యదు."

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. నా వెనకే రాజమ్మగారు కూడా వచ్చి, గోడకు ఆనుకుని బయటే నిలబడ్డారు, లోపలికి కనపడకుండా. యాదలక్ష్మిగారు తలుపు తీశారు. కళ్లకింద వాపు లేదు, మొహం తేటగా ఉంది, అది నాకు వింతగా అనిపించింది. పీట వేసి మంచినీళ్లిచ్చారు. నేను మా ఆయన తరఫున క్షమాపణ చెప్పి, ఆ సీను అబద్ధమని చెప్పి, ఫోన్ చేతికిచ్చాను. ఆవిడ మొత్తం చూశారు. తన పేరు వచ్చిన చోట బొటనవేలితో తెర మీద దుమ్ము తుడిచారు. అయిపోయాక ఫోన్ తిరిగి నా ఒళ్లో పెట్టారు.

"నాకెర్కనే బిడ్డా" అన్నారు.

"ఏం తెలుసండీ?"

"రాజక్క పైస ముట్టలేదని. ఆనాడు వంట జేసింది నేను. గా బియ్యం కడిగింది నేను. నోట్లుంటే నాకు దొరకకపోతుండెనా? గీ సందుల అందరికన్న నాకే మంచిగెర్క."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరైతే ఎందుకండీ వరండాకి రావడం మానేశారు?"

ఆవిడ చీర కొంగుకి కడుతున్న కుచ్చు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశారు.

"గా ఎర్కనే నన్ను తిన్నది ఇన్నేండ్లు. ఒట్టి పసుపు బియ్యానికి నా బిడ్డ సదువు పోయిందంటే ఎవర్ని తిట్టాలె చెప్పు? బియ్యాన్ని తిట్టాల్నా? ఆ బియ్యం నేను గూడ తింటి. రాజక్కను తిట్టబోతె, ఆమె నాకన్న ఎక్కువ ఏడ్సె. ఇంగ ఏం తిడ్త. మింగిన. రోజు పోయి పక్కన కూసుంట మింగిన. పొద్దుగూకి నా బిడ్డ ఇంటికొచ్చి కాళ్లు గోడకు పెట్టి పండుకుంటది. గది చూసుకుంట మింగిన."

బయట గోడ దగ్గర చిన్న శబ్దం అయింది. ఆవిడ వినలేదు.

"మొన్న సీరియల్ల నోట్ల కట్ట చూపెట్టిండ్రు. మీ సారు గట్లనే అన్నడు. సందుల అందరు గట్లనే అనవట్టిరి. నిజం జెప్తున్న బిడ్డా, నాకు పానం నిమ్మలమైంది. అబద్ధమని తెలిసి గూడ నమ్మిన. పైసలు తిని ముంచింది అనుకుంటె తిట్టొచ్చు గదా. తిట్టిన. తలుపేసుకొని నోరునిండ తిట్టిన. అన్నం తినవుద్ది అయింది, నిద్ర వట్టింది. గిప్పుడు నువ్వొచ్చి గిది చూపెట్టి, తీస్కోలే అంటున్నవు. ఇంగ నేను మళ్ల మొదటికెల్లి మింగాలె."

 నిజం పట్టుకొచ్చి ఇస్తే అందరూ కోలుకుంటారనుకుని వచ్చినదాన్ని, ఒళ్లో ఫోన్ పెట్టుకుని పీట మీద కూర్చుండిపోయాను. ఇంతకన్నా మా ఆయన కూతలే ఆవిడకు మేలు చేశాయంటే నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

గడపలో నీడ పడింది. రాజమ్మగారు లోపలికి వచ్చి నిలబడ్డారు.

"తీస్కున్న యాదీ" అన్నారు.

యాదలక్ష్మిగారు తలెత్తారు. "ఏంది?"

"పైసలు తీస్కున్న. ఫోన్ల అబద్ధం జెప్పిన. పరువు పోతదని. పై అంతస్తు గా పైసలతోనే లేసింది."

నేను లేచి నోరు తెరిచాను. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. మగ్గం నేసిన చెయ్యి అది, ఎముక నొప్పెట్టింది. "నువ్వు ఊకో ఉదయమ్మా" అన్నారు నా వైపు చూడకుండానే.

యాదలక్ష్మిగారు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. నమ్మారో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. చివరికి అడిగారు.

"ఎంత తీస్కున్నవు?"

ఆ ప్రశ్న వస్తుందని రాజమ్మగారు అనుకోలేదు. పెదవులు కదిలాయి, అంకె రాలేదు. ఎప్పుడూ తీసుకోని మనిషి ఎంతని చెబుతుంది?

"సీరియల్ల ఎంత చూపించిండ్రో" అన్నారు, "గంతే."

యాదలక్ష్మిగారు ముందున్న చీర పక్కకు తోసేశారు. అప్పుడు మొదలుపెట్టారు. నా బిడ్డ ఉసురు తాకుతది నీకు అన్నారు. నీ ఇల్లు కూలిపోను అన్నారు. సుచిత్ర నర్సు తెల్లబట్టలు కుట్టించుకుని పెట్టెలో పెట్టుకున్నదని, ఇప్పటికీ అవి పెట్టెలోనే ఉన్నాయని అన్నారు. ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని అనని మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి అన్నారు, ఏడుస్తూ, నేల మీద అరచేత్తో కొడుతూ. రాజమ్మగారు కదల్లేదు. గడప దగ్గరే నిలబడి, తల వంచుకుని, ప్రతి మాటకీ "అవ్ యాదీ" అన్నారు. "అవ్, నిజమే. ఇంకా అను."